గుంతల పడ్డ ముంగిస

సూర్యాపేట, 1993. మా మనవరాలు సైదమ్మకు అమ్మవారు పోసి ఆరో రోజు. ఇంట్లో బాలింత, పసిగుడ్డు ఉన్నారని దాన్ని వెనక గదిలో ఉంచి, బయట గొళ్ళెం పెట్టాం. ఆ పొద్దు ఆదివారం, టీవీలో దాని ముంగిస బొమ్మల సీరియల్ వచ్చే రోజు. తలుపుకు ఇవతల నేను.

“మరి ముంగిస గుంతలకెంచి ఎట్ల బయటవడ్డది, నాయనమ్మా?”

“యాడ బయటవడ్డది? గుంతల్నే ఉన్నది.”

“పోయిన ఆదివారం గుడ గుంతల్నే ఉండె!”

“ఉండదా మరి? లోతు గుంత. పక్కింటి రామనర్సయ్య సారోళ్ళ టీవీల నా కండ్లతోని సూసొచ్చిన.”

“ముంగిస హిందీల మాట్లాడ్తది. నీకేం సమజైంది?”

“ఓయబ్బో! రజాకార్ల నాడు ఉర్దూ ఇననోళ్ళెవరే? అన్నీ సమజైతయ్.”

“అయితే నక్క ఏమన్నది?”

“నక్కా... నక్క పైకెంచి తొంగిసూసి, ‘ఏం ముంగిసా, మంచిగున్నవా’ అన్నది.”

“నక్క దానికి దుష్మన్ గదా!”

“దుష్మనైతే? మంచి చెడ్డ అడిగి మందలియ్యొద్దా?”

“తర్వాత?”

“తర్వాత ముంగిసకు జరమొచ్చింది. ఒళ్ళంత పొక్కులు.”

“నాయనమ్మా!”

“గోకుతున్నవా? సప్పుడినవడ్తంది.”

“లేదు.”

“గోరు పెట్టకు. వేపమండతోని రాసుకో. ముంగిస గుడ గట్లనే రాసుకున్నది.”

“గుంతల దానికి వేపమండ ఎవరిచ్చిండ్రు?”

“కోతి... కోతి ఏసింది. ఇంట్ల పోపు బందు పెట్టి, పెరుగన్నం గుడ పంపిండ్రు.”

“ముంగిస పెరుగన్నం తింటదా?”

“అమ్మవారు పోసినంక ఎవరైనా తినాల్సిందే.”

“గొళ్ళెం తియ్యి, నాయనమ్మా. జరసేపు. గడప కాడ్నే కూసుంట.”

“వద్దు బిడ్డా. తమ్ముడు ఇరవై దినాలోడు. వానికి పోస్తే తట్టుకుంటడా? తొమ్మిదోనాడు నీకు తలకు నీళ్ళు పోసి, నేనే ఎత్తుకొని బయటికి తీస్కపోత.”

“ఇంక మూడు దినాలా?”

“మూడే. ...సైదమ్మా? ముక్కెందుకు ఎగబీలుస్తున్నవే? ఏడుస్తున్నవా?”

“లేదు. ముంగిస సంగతి చెప్పు.”

“ఆఁ... అది మట్టి తోడుడు సురువు జేసింది. ఇయ్యాల్టికి గంతే. ఇగ పొయ్యి మీద పాలున్నయ్, పోతున్న.”

“పోకు! పొద్దుగాల్నుంచి కరెంటే లేదు. గీడ నా ఫ్యాను తిరుగుతలేదు. సారోళ్ళ టీవీ ఎట్ల నడుస్తది?”

“ఓసినీ... ఎరికుండి ఎందుకడిగినవే ఇంతసేపు?”

“నువ్వు చెప్తున్నంతసేపు తలుపు కాడ్నే ఉంటవ్ గదా.”