నురుగు మీద లేచిన లిఫ్టు

నురుగు మావయ్య ముక్కు సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తెలియకుండా ఉండనిస్తే కదా ఆయన.

వృత్తికి ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్ఫయ్యేళ్ళుగా ఏ బిల్డింగులో లిఫ్టు మొరాయించినా సంచీ భుజాన వేసుకుని ఆయన వెళ్ళాల్సిందే. అయినా ఆయనకి పేరు తెచ్చింది ఆ పని కాదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు సెలవు పెట్టి, బస్సో రైలో ఎక్కి, ఎక్కడెక్కడో జరిగే క్రాఫ్ట్ బీరు మేళాలకి వెళ్ళొస్తాడు. పెద్ద ఫ్యాక్టరీల నుంచి లారీల్లో దిగే బీరు కాదది. ఇంటి వెనక షెడ్డులో, అద్దె గోడౌనులో, ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్ళు కాచుకునే బీరు. ఆ కాచేవాళ్ళంతా ఒకచోట చేరి, బల్లలు వేసుకుని, వచ్చినవాళ్ళకి గుక్కెడు గుక్కెడు రుచి చూపిస్తారు. అక్కణ్ణించి దిగాక మావయ్య వారం రోజులు టీ కొట్లో కూర్చుని కోతలు కోస్తాడు. నురుగు మావయ్య అన్న పేరు అలా పడి, అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం వాన. టీ కొట్టు అంటే ఒకటే గది. జల్లు లోపలికి కొడుతోందని టీ కొట్టు అక్క షట్టరు సగానికి పైగా దించేసింది. గ్యాసు పొయ్యి మీద పాలగిన్నె ఉంది. పొయ్యికి వీపు పెట్టి స్టూలు మీద మావయ్య. ఎదురు బెంచీ మీద ముగ్గురు: పక్క షాపులో కళ్ళజోళ్ళు అమ్మే పెద్దాయన, సెలూను అతను, మెడలో టేపు ఇంకా తియ్యని టైలరమ్మ. వాన తగ్గేదాకా ఎవరికీ బేరాల్లేవు.

మాట మొదలెట్టింది కళ్ళజోళ్ళాయన. శనివారం మేళాకి వెళ్ళడం లేదటగా, మీ ఇంట్లో వాళ్ళు చెప్పారులే, మంచి పని చేశావు అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. ఈ వయసులో మేళావాళ్ళిచ్చే గ్లాసు మెళ్ళో తగిలించుకుని ఊళ్ళమ్మట తిరగడమేమిటి, ఇంట్లో తలుపేసుకుని తాగేవాడికీ నీకూ బస్సు ప్రయాణం తప్ప తేడా ఏముంది అనేశాడు.

మావయ్యకి ఒళ్ళు మండిపోయింది. పొద్దున భార్య కూడా దాదాపు ఇదే అంది. ఆవిడ అన్న తీరు వేరు, అన్నది ఒకటే. శనివారం టిక్కెట్టు రద్దు చేయించమంది. ఆయన టిఫిను తినకుండా లేచి వచ్చేశాడు. ఇప్పుడు ఇక్కడ కూడా తల దించుకుంటే ఇక ఆ తల ఎందుకనిపించింది.

"తాగడానికైతే వీధి చివర షాపు లేదూ?" అన్నాడు. "నేను వెళ్ళేది ముక్కుకి పని చెప్పడానికి. నా ముక్కు ఏం చేసిందో మీకు పూర్తిగా ఎప్పుడు చెప్పాను గనక."

పూర్తిగా కనీసం ఆరుసార్లు చెప్పి ఉంటాడు. అయినా ఎవరూ కదల్లేదు. వాన పడుతూనే ఉంది, పైగా ప్రతిసారీ కథ కాస్త పెరుగుతుంది కాబట్టి విన్నదే విన్నట్టూ ఉండదు.

చిన్నగానే ఎత్తుకున్నాడు. మొట్టమొదటి మేళాలో ఒక బల్ల దగ్గర గుక్కెడు పుచ్చుకుని, ఇందులో నారింజ తొక్క వేశారు బాగుంది, కానీ పావుగంట ఆలస్యంగా వేశారు అన్నాడట. ఆ కాచినతను తెల్లబోయి, ఆవేళ తొక్క వేసే టైముకి ఫోను వచ్చిందని ఒప్పుకున్నాడట. టైలరమ్మ తలాడించింది. వంట చేసే మనిషికి అది నమ్మరాని మాటేం కాదు.

అది చూసి మావయ్యకి ఊపొచ్చింది. పక్క బల్ల దగ్గర తాగనే లేదు. గ్లాసు ఇలా ముక్కు కిందకి తెచ్చి, ఈ పీపా చేసిన చెట్టు నరికిన రోజు వాన పడింది, అవునా కాదా అన్నాడట. వాళ్ళు పీపా అమ్మినవాడికి ఫోను చేశారు, వాడు కలప అడితికి చేశాడు, అడితివాడు చెట్టు నరికినవాణ్ణి లేపి అడిగాడు. పడిందట. మోకాలి లోతు.

"నరికినవాడి గొడుగు ఏ రంగో కూడా చెప్పేశావా మావా?" అన్నాడు సెలూను అతను.

"అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత మేళా అంతా గుప్పుమంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి చెయ్యి కలుపుతున్నారు. పరీక్ష పెట్టాల్సిందేనని, బీరు పోటీకి మార్కులు వెయ్యడానికొచ్చిన న్యాయనిర్ణేతలు ఆయన కళ్ళకి గంతలు కట్టి, వరసగా నలభై గ్లాసులు పెట్టారు. ఒక్కో గ్లాసూ వాసన చూడటం, ఏ బావి నీళ్ళో, ఏ చేలో బార్లీయో చెప్పెయ్యడం. ముప్ఫయ్యేడో గ్లాసు దగ్గర మాత్రం ఆగాడు. గంతలు విప్పకుండానే, ఇది కాచినతను ఎవరో కానీ ఆ పొద్దున ఇంట్లో భార్యతో మాటామాటా అనుకుని వచ్చాడు, చేదు అందుకే ఒక పిసరు ఎక్కువ పడింది, ముందు ఇంటికెళ్ళి ఆవిడతో మాట్లాడమనండి అన్నాడట. జనంలోంచి ఒకతను బావురుమని, ఉన్నపళాన ఇంటికి పరిగెత్తాడట.

ఇంతవరకూ గుక్క తిప్పుకోకుండా చెప్పిన మావయ్య అక్కడ కాస్త ఆగి, టీ గ్లాసు ఎత్తాడు. టీ వేడిగా ఉంది. తియ్యగా ఉంది. అంతే. అందులో అక్క ఏలక్కాయ వేసిందో లేదో ఆయనకి తెలియదు. ముందటేడు పదిరోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆయన ముక్కులోంచి వాసన అన్నదాన్ని తుడిచిపెట్టుకు పోయింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రాలేదు. భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఆవిడ అడిగింది అదే. అగరొత్తికీ కాలిన గుడ్డకీ తేడా తెలియనివాడివి, మేళాకి వెళ్ళి ఏం చేస్తావు అని. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆయనకి జవాబు దొరకలేదు.

జవాబు దొరకని మనిషి కథ పెంచుతాడు. మావయ్య గ్లాసు కింద పెట్టి లిఫ్టులోకి ఎక్కాడు.

అంటే, పోయినసారి మేళా పదంతస్తుల హోటలు పై అంతస్తులో పెట్టారు. పోటీలో ఆఖరి పీపానీ, పెద్ద న్యాయనిర్ణేతనీ ఎక్కించుకుని లిఫ్టు బయల్దేరి, మూడో అంతస్తుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. హోటలువాళ్ళు లబోదిబోమంటున్నారు. మావయ్య కింద తలుపు సందులో ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చి, బ్రేకు పట్టేసింది, ఎడమ వైపుది, అన్నాడు. ఇక్కడిదాకా నిజంగా జరిగిందే, కాకపోతే ఆయన కనిపెట్టింది చప్పుడు బట్టి. చప్పుడంటే ఎవరు వింటారని ముక్కుకి అంటగట్టాడు.

టీ కొట్టు అక్క వడపోత గిన్నె చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని వింటోంది. ఆవిడ ఈ భాగం ఇంతకు ముందు వినలేదు. ఎవరూ వినలేదు, ఇప్పుడే పుడుతోంది.

బ్రేకు విప్పేలోపల లోపలున్న పీపా కుదుపులకి బిరడా ఊడిపోయిందట. నురుగు లేచింది. లిఫ్టు నిండింది. నేల సందుల్లోంచి కిందికి కారి, లిఫ్టు నడిచే గొట్టం అడుగు నుంచి నిండుకుంటూ వచ్చి, లిఫ్టుని కింద నుంచి ఎత్తడం మొదలెట్టింది. కరెంటు లేదు, మోటారు లేదు. నాలుగో అంతస్తు, అయిదు, ఆరు. ప్రతి అంతస్తులో జనం తలుపు దగ్గర నిలబడి చప్పట్లు. లోపల న్యాయనిర్ణేత గడ్డం దాకా నురుగులో మునిగి కూడా మార్కులు వేస్తూనే ఉన్నాడు. పదో అంతస్తు దగ్గర ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. కప్పు తోసుకుని మేడ మీదకి లేచి, ఆకాశంలో తాటిచెట్టంత ఎత్తున, నురుగు మీద లిఫ్టు నిలబడిందట.

చెప్తూ చెప్తూ మావయ్య ఎదురు బెంచీ వంక చూశాడు. టైలరమ్మ ముక్కున వేలేసుకుంది. కళ్ళజోళ్ళాయన కూడా చెయ్యెత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సెలూను అతను అటూ ఇటూ చూస్తున్నాడు, కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని కథలు చెప్పినా ఇంతమంది ఒక్కసారే ముక్కున వేలేసుకోవడం ఆయన చూడలేదు. గుండె నిండిపోయింది. బస్సు ప్రయాణం తప్ప తేడా లేదన్నారే, చూడండి ఇప్పుడు అనుకున్నాడు.

ఇక ఆగలేకపోయాడు. ఆ నురుగు అంటే సబ్బు నురుగు అనుకున్నారేమో, వెన్న కంటే గట్టిది, దాని మీద అగ్గిపుల్ల నిలబెడితే నిలబడింది, వెలిగిస్తే గాలిక్కూడా ఆరకుండా మొదలంటా వెలిగింది, ఎలాగో చూపిస్తాను ఉండండి అంటూ, పక్క బల్ల మీదున్న అగ్గిపెట్టె అందుకుని, పుల్ల తీసి, గియ్యడానికి చెయ్యెత్తాడు.

టైలరమ్మ బెంచీ మీంచి ఎలా లేచిందో తెలియదు. ఆయన మణికట్టు రెండు చేతులతో ఒడిసిపట్టుకుంది. పుల్ల కింద పడింది. సెలూను అతను షట్టరు పైకి తోసేశాడు. టీ కొట్టు అక్క అప్పుడు తెలివి తెచ్చుకుని, గిన్నె వదిలేసి, వంగి సిలిండరు కట్టేసింది. పాలు ఎప్పుడో పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు మావయ్య వీపు వెనకే బుస్సుమంటూ ఉంది. వాన చప్పుడులో, ఆయన గొంతులో, ఆ బుస్సు ఎవరికీ వినపడలేదు. వాసన మాత్రం, ఎక్కణ్ణించో వెంటనే పోల్చుకోలేకపోయినా, అందరికీ తగిలింది. అందరికంటే దగ్గర కూర్చున్నవాడికి తప్ప.

నలుగురూ ఆయన్ని పట్టుకుని వానలోకి వచ్చి, ఎదురు మెట్ల మీద నిలబడ్డారు. టైలరమ్మ ఇంకా ఆయన మణికట్టు వదల్లేదు.

"అన్నయ్యా," అంది మెల్లిగా, "నీకు వాసన తెలియదు కదూ."

జలుబు చేసిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ కళ్ళల్లో ఎగతాళి లేదు.

"తెలియదు," అన్నాడు. "ముందటేటి జ్వరంతో పోయింది."

కళ్ళజోళ్ళాయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత, ఈసారి దెప్పుతున్నట్టు కాకుండా అడిగాడు. ముందటేటి నుంచి అయిదు మేళాలకి వెళ్ళొచ్చావు కదా, మరి ఎందుకు వెళ్ళావు అని.

మావయ్య దానికి ఎప్పుడూ ఎవరికీ జవాబు చెప్పలేదు, తనకి కూడా. ఇప్పుడు చెప్పాడు. జ్వరం తగ్గాక వెళ్ళిన మొదటి మేళాలో, ఒక ముసలావిడ తను కాచిన బీరు గ్లాసులో పోసి, ఏం వాసనొస్తోందో చెప్పమంది. నోట్లో పోసుకుంటే చల్లగా ఉంది, చేదుగా ఉంది, నాలిక మీద చిటపటలాడింది. అంతకు మించి ఏమీ లేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఏం చెప్పాలో తోచక, మీరే చెప్పండమ్మా అన్నాడు. ఆవిడ చెప్పడం మొదలెట్టింది. బీరుకి చేదిచ్చే తీగ పెరట్లో ఏ మూల వేసిందో, దాని పువ్వు ఎప్పుడు కోసిందో, మొదటి మూడు పీపాలు ఎలా పులిసిపోయాయో, వాటిని పారబోసిన రోజు భర్త ఏమన్నాడో. అరగంట చెప్పింది. వెనక క్యూలో జనం గొణుగుతున్నా ఈయన కదల్లేదు. చివరికి ఆవిడ, పొద్దుటి నుంచి మూడొందలమంది తాగారు, విన్నవాడివి నువ్వొక్కడివే అంది.

"అప్పటినుంచి ప్రతి బల్ల దగ్గరా అదే అడుగుతున్నాను, మీరే చెప్పండి అని," అన్నాడు మావయ్య. చెప్తూ చెప్తూ వీపు నిటారైంది. "వాళ్ళు చెప్తుంటే పోయిన వాసన కొంచెం గుర్తొస్తుంది. రాకపోయినా సరే. ముక్కున్నవాడు ఎవడైనా వెళ్తాడు మేళాకి. ముక్కు లేకుండా వెళ్ళేవాణ్ణి నేను. శనివారం కూడా వెళ్తాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఇప్పుడే ఆ మాట చెప్తాను. గ్యాసు సంగతి కూడా చెప్తాను. చెప్పినా సరే, వెళ్తాను."

సెలూను అతను ఉండబట్టలేక, అయితే ఆ లిఫ్టు సంగతి అన్నాడు.

"ఆగిపోయిందన్నది నిజం."

"లేచిందన్నది?"

మావయ్య వాన వంక చూశాడు.

టైలరమ్మకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఈ ముసలావిడ కథ ఇన్నాళ్ళూ మాకు చెప్పకుండా ఆ పీపాలూ గంతలూ ఎందుకు చెప్పావన్నయ్యా, ఇకనుంచి వాళ్ళు నీకు చెప్పింది చెప్పినట్టు మాకు చెప్పు, అది చాలు అంది.

మావయ్య ఆ మాట ఒప్పుకోలేదు. ముక్కు పోయిందని ఒప్పుకున్నాడు, లిఫ్టు ఎగరలేదని దాదాపు ఒప్పుకున్నాడు, ఇది మాత్రం కుదరదన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్తే అది పోలీసు రిపోర్టు అవుతుంది కానీ కథ ఎలా అవుతుందని అడిగాడు.

"అలా చెప్తే మీరంతా పని మానుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటారా?" అన్నాడు.

టీ కొట్టు అక్క చీర కొంగుతో మొహం మీది వాన తుడుచుకుంది. గదిలో గాలి తేటపడిందో లేదోనని అటే చూస్తూ అంది:

"నోరు తెరుచుకుని కూర్చోబట్టే కదా అన్నా, పాలు పొంగిపోయాయి."