వినపడే చెవి

అబ్బబ్బ, ఎన్నిసార్లు నొక్కుతారండీ ఆ బెల్లు! ఒకసారి నొక్కితే చాలదూ? నాకు చెవులు బాగానే ఉన్నాయి అన్నయ్యగారూ. ఈ ఇంట్లో చెవులు పోయింది ఆయనకి. ఆ ఆయనే లేరిప్పుడు.

రండి, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇలా, బల్ల దగ్గరికి.

ఏమీ అనకండి. ఏమనాలో తెలియక మీరు నోరు తెరవడం, నేను తలూపడం. మూడు రోజులుగా ఇదే పని. మీ నేవీవాళ్లందరూ వచ్చారు. ఓడ దిగి ఎన్నేళ్లయిందో, ఇంకా 'చీఫ్ గారు చీఫ్ గారు' అంటూనే ఉన్నారు, వెనకింట్లో ఇంజిన్ గది నడుస్తున్నట్టు. ఒకాయన చేతికర్ర పక్కన పెట్టి మరీ సెల్యూట్ చెయ్యబోయి ముందుకి తూలారు. నవ్వొచ్చింది నాకు. ఏడుపు మాత్రం రాలేదు. దేవుడి ముందు కూర్చున్నా రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, మనిషంతా అలా ఉంది.

పొద్దున రెండు కప్పుల్లో టీ పోశాను. రెండోది పారబొయ్యబుద్ధి కాలేదు. నేనే తాగాను. రుచి తెలియలేదు, రెండింటిదీ.

ఆ గోడ మీద ఎర్ర బల్బు చూశారా? వీధిలో బెల్లు నొక్కితే అది వెలుగుతుంది. ఆయనే వైరు లాక్కున్నారు. "ఎంత దూరం నుంచి వస్తాడో పాపం, నాకు వినపడలేదని ఒక్క నావికుడు కూడా వెనక్కి పోకూడదు" అనేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని నేను దెప్పితే, "ఊదు, గాలైనా తగులుతుంది" అని నవ్వేవారు. ఏం మనిషండీ!

ఇరవై రెండేళ్లు ఇదే బల్ల. ఎవరి వేలు తెగింది, ఎవరి నడుం విరిగింది, ఎవరి భార్య ఏ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది, వాళ్ల పెన్షను అర్జీలన్నీ ఇక్కడే రాశారు. మీలాగా ఇంజిన్ గదివాళ్లొస్తే మొదటి ప్రశ్న క్షేమమా అని కాదు, "ఏ చెవి?" అని. ఆయనకి పనిచేసేది కుడిచెవి. వచ్చినాయనకీ కుడిదే అయితే, కుడిభుజానికి కుడిభుజం ఆనించి, ఒకరు కిటికీ వైపు, ఒకరు తలుపు వైపు చూస్తూ అరుచుకునేవారు. పక్కింటావిడ తగువేమోనని పరిగెత్తుకొచ్చింది ఒకసారి!

కాగితాల కోసం రాలేదంటారా? నాకు తెలుసులెండి. అడగలేక ఆ చేతిసంచీని నలిపేస్తున్నారు.

ఇదిగోండి. మీ ఎడమచెవి ఓడలోనే పోయిందని, తను కళ్లారా చూశానని, పై అధికారిగా ఆయన సాక్ష్యం. మొత్తం ఆయన చేతిరాతే. కింద సంతకం, సోమవారం తేదీ. ఆ రోజు భోజనానికి లేవమంటే లేవకుండా పూర్తిచేశారు. మీ సంతకమొక్కటే తక్కువ. ఈరోజే ఆఖరు, ఐదింటికి పెన్షనాఫీసు కౌంటరు మూసేస్తారు. మీరు రాకపోతే నేనే బయల్దేరేదాన్ని.

పెట్టండి. తర్వాత మాట్లాడుకుందాం, ముందు పెట్టండి. ఆఁ, అక్కడ. రెండో పేజీలో కూడా.

పెట్టారా? మడవకండి, ఈ కవరులో ఉంచండి. సంచీలో వేసుకోండి. జిప్పు లాగండి.

ఇప్పుడు చెప్తాను. ముందే చెబితే పెన్ను పడేసి లేచిపోతారేమోనని ఆగాను.

ఇటు తిరగండి. ఇటు, వినపడే చెవి. మీ ఎడమవైపు నిలబడి గొణిగేస్తే నేను చెప్పినట్టూ ఉంటుంది, మీరు విననట్టూ ఉంటుంది. పొద్దున్నుంచీ అలా చేద్దామనే అనుకున్నాను. దేవుడికి ఎప్పుడో చెప్పేశాను. దేవుడికి అన్నీ తెలుసు కాబట్టి అది చెప్పినట్టు కాదు.

సోమవారం మీరొచ్చినప్పుడు ఆయన ఇంట్లో లేరన్నాను కదూ. ఉన్నారు. ఆ గదిలో పడుకుని ఉన్నారు.

ఆ బల్బు నేనే వదులు చేశాను. ఆరోజొక్కటే కాదు. గుండె జాగ్రత్త అని డాక్టరు చెప్పినప్పటి నుంచీ, రోజూ ఆయన తిని నడుం వాల్చగానే ఒక్క అరమలుపు తిప్పేదాన్ని. గంటసేపైనా నిద్రపోతారని. లేచేలోపు బిగించేసేదాన్ని. ఎంతమందిని అలా తిప్పి పంపానో. మీరు ఎండలో గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. కిటికీలోంచి చూశాను. అయినా పిలవలేదు.

మీరు తలుపు కింద నుంచి చీటీ తోసి వెళ్లారు. 'చీఫ్ గారూ, వచ్చాను, మీరు లేరు' అని. అది నా కంటపడలేదు. ఆయన లేచి చూశారు. చదివారు. బల్బు వంక చూశారు. వెళ్లి పట్టుకుని తిప్పారు. బిగిసింది.

నన్నొక్క మాటనలేదండీ. ఒక్క మాట! "ఇంకా బస్సెక్కి ఉండడు" అని మాత్రం అని, మీ ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లారు. మీ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఆ ఫైలు ఒళ్లో పెట్టుకుని బస్టాపులో బల్ల మీద కూర్చున్నారట. నిద్రపోతున్నారనుకున్నారట అందరూ. ఎవరూ లేపలేదు. హాయిగా పడుకోనిచ్చారు.

నేను కోరుకున్నదీ అదే కదా.

వినపడిందా? మళ్లీ చెప్పమంటారా?

సరే. వినపడింది.

లేవండి, కౌంటరు మూసేస్తారు. ఇందాక విసుక్కున్నాను, ఏమీ అనుకోకండి. మీరు మొదటిసారి నొక్కినప్పుడే విన్నాను. ఆ బల్బు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. దాని వంక చూస్తూ అలా కూర్చుండిపోయాను. అందుకే మీకు అన్నిసార్లు నొక్కాల్సి వచ్చింది.