అయిదో అంతస్తుకి చలి పుట్టిస్తానన్న మేస్త్రి

రంగుల మేస్త్రి నోరు విప్పాడంటే టీ బండి దగ్గర చేతుల్లో గ్లాసులు చల్లారిపోవాల్సిందే. ఆ ఆదివారం పొద్దున మాత్రం ఆయన కాలక్షేపానికి రాలేదు. ఎదురుగా ఉన్న అయిదంతస్తుల బిల్డింగు డాబాకి ఎండని తిప్పికొట్టే తెల్లరంగు వేయించి తీరాలని పంతం పట్టి వచ్చాడు. బిల్డింగువాళ్లేమో ఇంటికో ఏసీ పెట్టించుకుందామనే ఆలోచనలో ఉన్నారు. ఇప్పటికే మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి కరెంటు లోడు తట్టుకోలేక ఫ్యూజు ఎగిరిపోతోంది.

"రంగేస్తే ఇల్లు చల్లబడుతుందా మేస్త్రీ?" అన్నాడు బిల్డింగు సెక్రటరీ, నమ్మకం లేని గొంతుతో.

"చల్లబడటమా! పోయినేడు మార్కెట్టు వెనకాల ఓ మూడంతస్తుల ఇంటికి వేశానండీ. పొద్దున రెండు కోటింగులు కొట్టి దిగానా, సాయంత్రానికల్లా పైవాటా ఆయన ఫ్యాను కట్టేశాడు. మర్నాడు దుప్పటి కప్పుకున్నాడు. మూడోనాడు వాళ్లావిడ సీసా పట్టుకుని నా మీదికి యుద్ధానికొచ్చింది, మండువేసవిలో కొబ్బరినూనె గడ్డకట్టించావేమయ్యా అని!"

టీ బండి చుట్టూ నవ్వులు లేచాయి. మేస్త్రికి ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు మీటరు ఆగిపోయింది. ఆగి ఊరుకుందా? వెనక్కి తిరగడం మొదలెట్టింది! రీడింగు తీసేవాడు వచ్చి చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూసి, మెట్ల మీదే కూలబడ్డాడు."

"వాడూ వెనక్కే తిరిగిపోయుంటాడులే మామా," అన్నాడు పక్కనే టీ తాగుతున్న లిఫ్టు మెకానిక్.

"నవ్వకు అల్లుడూ, అసలు సంగతి ముందుంది. ఆ డాబా మీద పడ్డ ఎండ పడ్డట్టే పైకెళ్లి సూర్యుడి మొహానికే కొట్టింది. రెండ్రోజులు ఓర్చుకున్నాడు. మూడోనాటి నుంచి ఆ వీధి మీదుగా రావడమే మానేసి, పక్కవీధిలోంచి చుట్టు తిరిగి పడమటికి పోయేవాడు!"

సెక్రటరీ పొట్ట పట్టుకుని నవ్వి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. "భలేవాడివయ్యా మేస్త్రీ! సరే, నేనెళ్లి ఏసీల సంగతి చూస్తాను."

వాళ్లు నవ్వేకొద్దీ తన రంగు పని చెయ్యి జారిపోతోందని మేస్త్రికి అర్థమవుతూనే ఉంది. అయినా నోరు ఆగితేగా!

"ఉండండి సార్! మంచుదేశం పక్షులు దారితప్పి వచ్చి ఆ డాబా మీద గుడ్లు పెట్టేశాయి. మూడో కోటింగు వెయ్యబోతే నన్ను పొడిచి..."

"బాబాయ్."

బండి పక్కనే నిలబడి అంతా వింటున్న దర్జీ అక్క గొంతు అది. ఆవిడ ఉండేది ఆ బిల్డింగు అయిదో అంతస్తులోనే, సరిగ్గా డాబా కిందే.

"మధ్యాహ్నమైతే మా ఇంట్లో కుట్టుమిషను మీద చెయ్యి పెట్టలేను. మా అత్తయ్య మంచం దిగలేని మనిషి, సెగకి పొర్లుతూనే ఉంటుంది. నిన్న గోడకి ధర్మామీటరు తగిలించి చూశా, ముప్ఫైతొమ్మిది. పక్షుల్నీ సూర్యుణ్ణీ పక్కనపెట్టి, నీ రంగేస్తే అది ఎంత తగ్గుతుందో ఒక్క అంకె చెప్పు."

ఇరవై అనే మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. సూది పోట్లు పడ్డ ఆవిడ వేళ్లు చూశాడు. మింగేశాడు.

"నాలుగు డిగ్రీలమ్మా. కొన్ని ఇళ్లల్లో అయితే మూడే."

ఎవరూ నవ్వలేదు.

"మరి ఈ ముక్క ముందే చెప్పడానికేం?"

"నాలుగంటే ఎవరూ గ్లాసు దించి వినరు కదమ్మా."

"నేను వింటున్నాగా. నాలుగు తగ్గితే మా అత్తయ్య ఓ కునుకు తీస్తుంది. నేను ఇంకో రెండు గంటలు మిషను తొక్కుతాను." ఆవిడ సెక్రటరీ వైపు తిరిగింది. "ముందు రంగు వేయించండి సార్. అప్పటికీ ఉడికితే ఏసీల మాట ఆలోచిద్దాం. ఇప్పుడే పెడితే ఆ ఫ్యూజు పొద్దున్నుంచే ఎగురుతుంది."

సెక్రటరీ మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు. "ఎన్నాళ్లు పడుతుంది మేస్త్రీ?"

"ఎన్నాళ్లేమిటండీ! ఒక్కణ్ణే, ఒంటిచేత్తో, అరగంటలో..."

దర్జీ అక్క చూసింది.

"మూడ్రోజులండీ," అన్నాడు మేస్త్రి. "ఇద్దరు మనుషులు కావాలి. ముందు డాబా అంతా శుభ్రంగా ఊడవాలి."

"చీపురు మా ఇంట్లో ఉంది, పద," అంటూ ఆవిడ అప్పటికే మెట్ల వైపు నడిచింది.