పేరు బయటికి రాదు కదా?

రాయగడలో ఒక దత్తత కేంద్రం. ఉద్యోగిని గౌతమి ఎదుట గుణుపూర్ నుంచి వచ్చిన కృష్ణవేణమ్మ. పక్కన పసిబిడ్డను ఎత్తుకుని ఆమె కూతురు లక్ష్మిప్రియ.

"అయితే పోలీసులు రారు?"

"రారు, కృష్ణవేణమ్మగారూ. బిడ్డను ఎక్కడో పడేసిపోతే నేరం. చట్టప్రకారం అప్పగిస్తే కాదు."

"పేరు బయటికి రాదు కదా?"

"రాదు. ఇందాకే చెప్పాను."

"ఇంకోసారి సెప్పమ్మా, పున్నెముంటాది. ఆసుపత్రిలో ఆయా అంది, తెలిసినోళ్లెవురికో సేతిలో పెట్టేస్తే బేగి అయిపోద్దని."

"అది మాత్రం నేరమే. ఆ పాప ఎక్కడికి పోయిందో తర్వాత ఎవరికీ తెలీదు."

"పోనీ మీ గేటుకాడ ఉయ్యాలుంది కదా, దాన్లో ఏసి ఎలిపోతే?"

"అది తప్పు కాదు. కానీ రేపు మనసు మారితే ఈమే తల్లి అని నిరూపించుకోవడం కష్టం. బాలల సంక్షేమ కమిటీ ముందు సంతకం పెడితే రెండు నెలల గడువుంటుంది. ఆలోగా వచ్చి బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు."

"అమ్మో, ఎనక్కా! మాకొద్దు తల్లీ ఆ గడువు."

"గడువు మీకు కాదమ్మా, తల్లికి. లక్ష్మిప్రియా, నీ వయసెంత?"

"దానికి ఇరవయ్యొకటి..."

"తనని చెప్పనివ్వండి."

"ఇరవయ్యొకటే మేడం."

"అప్పగించడం నీ ఇష్టమేనా?"

"దాని ఇష్టమేనమ్మా! ఇంట్లో అందరం కూకోని దాని ఇష్టం ఏటో తేల్చేం."

"మీరు కాసేపు ఊరుకోండి. పాప తండ్రి ఏమన్నాడమ్మా?"

"నంబరు మార్చేసేడు మేడం."

"ఆడి ఊసెత్తకు! ఊళ్లో అందరికీ ఇది కొట్పాడ్‌లో నేత నేర్సుకుంటందని సెప్పేం. ఇదే నేసిందని సూపించడానికి రెండు సీరలు కూడా కొన్నాం. గాని అమ్మా, పిల్లని మంచోళ్లకే ఇస్తారు కదా?"

"అన్నీ విచారించే ఇస్తారు. ఏళ్ల తరబడి వరసలో ఎదురుచూస్తున్నవాళ్లున్నారు."

"అవునవును. ఆళ్ల బాధ ఆ దేవుడికే ఎరుక."

"అమ్మా, ఇక ఆపు."

"ఏటే అమ్మీ?"

"పాప ఏడుస్తంది. పాలియ్యాలి."

"ఇప్పుడేటి పాలు? అలవాటు సేస్తే ఆనక నీకే కష్టం."

"ఇవ్వనివ్వండి. అటు తిరిగి కూర్చోమ్మా, ఎవరూ చూడరు. కమిటీ దగ్గరికి వెళ్లేముందు ఇంకో మాట అడగాలి. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా పెంచుకుంటారా? చట్టం దానికీ ఒప్పుకుంటుంది."

"మాకెవురూ లేరమ్మా."

"అమ్మా..."

"లేరంటన్నాను కదే!"

"పాపకి మేనమామ ఉన్నా చాలు. లక్ష్మిప్రియా, నీకు అన్నదమ్ములున్నారా?"

"అమ్మీ, నోరుమూసుకో!"

"మా అన్నయ్యా వదినా ఉన్నారు మేడం. మీరు చెప్పిన ఆ వరసలోనే, నాలుగేళ్లుగా ఉన్నారు. ముక్కూమొహం ఎరగనోళ్ల బిడ్డయితే పెంచుకుంటారట. నా బిడ్డయితే పరువు పోద్దట."