చుక్కల రొయ్య

ఉప్పునీటి అక్వేరియం సామాన్లు అమ్మే దుకాణంలో ఒకావిడ మూత పెట్టిన డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"బాబూ, పది రోజుల కింద మీరిచ్చిన చుక్కల రొయ్య ఇది. వెనక్కి తీసేసుకోండి."

"ఏమ్మా, తిండి ముట్టట్లేదా?"

"ముట్టకపోవడమా! మా స్టార్‌ఫిష్ చేతులు రెండు తినేసింది."

"అయ్యయ్యో, తొట్టెలో స్టార్‌ఫిష్ ఉందా? ఈ రొయ్యకి అదే తిండమ్మా, ఇంకేం పెట్టినా తినదు. సార్‌కి ఈ సంగతి తెలుసే, ఎలా కొననిచ్చారు?"

"ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. రేపు ఇంటికొస్తారు. తొట్టెలో కొత్తగా ఏదైనా కనిపిస్తే మొహంలో కాస్త కళ వస్తుందని ఆశపడ్డాను. కొరివితో తల గోక్కున్నట్టయింది."

"నా తప్పూ ఉందమ్మా. అమ్మేముందు అడగాల్సింది."

"పన్నెండేళ్లుగా ఆ స్టార్‌ఫిష్‌ని పెంచుతున్నారు బాబూ. రాగానే దాన్నే చూస్తారు. ఏమని చెప్పను?"

"బతికే ఉంది కదా? నీళ్లు శుభ్రంగా ఉంచండి. ఏడాది తిరిగేసరికి ఆ రెండు చేతులూ మళ్లీ మొలుస్తాయి. సార్‌కి ఆ మాటే చెప్పండి."

"ఆ మాట మాత్రం చెప్పలేను బాబూ. షుగరు ముదిరి, పోయిన వారమే ఆయనకి మోకాలి దగ్గర కాలు తీసేశారు."