వెనక చక్రంలో గాలి

(కాలువ గట్టు మీద రెండు సైకిళ్లు. బావ ముందు, బావమరిది వెనక. తెల్లారకముందు బయల్దేరారు. మధ్యాహ్నం దాటింది.)

“బావా, వంతెన దాటేశాం. ఇక నా వంతు. నువ్వు వెనక్కి రా, గాలికి నేను అడ్డుంటా.”

“అక్కర్లేదు.”

“మూడు వంతెనల నుంచీ నువ్వే ముందున్నావు. వంతెనకోసారి మారాలని పెట్టింది నువ్వే కదా!”

“పెట్టింది నేనే, తీసేసిందీ నేనే. నువ్వు వెనకే ఉండు. అలవాటేగా.”

“అదేం మాట?”

“మాటకేం, సగం గాలికే పోతుంది. ఎంత దూరం వచ్చాం?”

“ఎనభై రెండు. ఇంకో పద్దెనిమిది తొక్కితే కాలువ నీళ్లాపే లాకులు. అక్కడ కాసేపు కూర్చుని...”

“లాకులూ వద్దు, ఏమీ వద్దు. ఆ కనపడేది బస్సుల రోడ్డే. సైకిళ్లు పైన కట్టేసి ఎక్కితే రెండు గంటల్లో ఇంట్లో ఉంటాం.”

“వద్దు!”

“అంత అరుపేంట్రా? కొంగలు లేచిపోయాయి.”

“అంటే... ఇంత దూరం వచ్చి లాకులు చూడకుండా పోతామా?”

“ఏముంది చూడ్డానికి? పొద్దుట్నుంచీ ఇటు నీళ్లు, అటు పొలం, మధ్యలో మన మొహాలు. గుట్ట లేదు, మలుపు లేదు. రెండేళ్లుగా సైకిలు ముట్టనివాణ్ణి. నువ్వు గడ్డం పట్టుకుని బతిమాలితే వచ్చాను. ఆగాగు. మళ్లీ వెనక చక్రం మెత్తబడింది.”

“పంచరా?”

“దిగు. పంపు ఇటియ్యి.”

“అయ్యో, పొద్దున కూడా...”

“పంచరు కాదురా ఇది. వాల్వు నట్టు వదులైంది. టీ కోసం ఆగాం, వదులైంది. భోజనానికి ఆగాం, మళ్లీ వదులైంది.”

“పాత ట్యూబేమో.”

“మొన్న వేశాను. నట్టు దానంతటది వదులవదు. నిన్న ఒక్కొక్కటీ నేనే బిగించాను.”

“అవున్లే. సైకిలు నట్లయితే నువ్వే బిగిస్తావు.”

“ఏంటా గొంతు?”

“ఏం లేదు.”

“కక్కు. ఎనభై కిలోమీటర్లు మింగుతూనే వచ్చావు.”

“అక్క ఆపరేషన్ రోజున ఎక్కడున్నావు బావా? సంతకం పెట్టే దిక్కు లేక పక్కింటావిడ పెట్టింది. నువ్వు ఫోను ఆపేసుకుని మూడొందల కిలోమీటర్ల రైడులో ఉన్నావు!”

“ఆ రోజు నా వెనక ఎవడున్నాడు?”

“ఆ పంపు ఇలా ఇయ్యి, నేను కొడతా.”

“అడుగుతున్నా. ఆ మూడొందలూ నా వీపు చాటున తొక్కింది ఎవడు?”

“నేనే. కానీ ఆపరేషన్ సంగతి నాకు తెలీదు!”

“నాకు తెలుసు. అదే తేడా. అందుకే నిన్ను ఒక్క మాట అనలేదు.”

“తెలిసీ ఎలా వెళ్లావు?”

“చిన్నదే అన్నారు. తనూ ‘వెళ్లు’ అంది.”

“‘వెళ్లు’ అంటే వెళ్లిపోవడమేనా?”

“కాదని తెలిశాకే సైకిలు మానేశాను.”

“మానేసి ఏం చేశావు? గోడ వంక చూస్తూ కూర్చున్నావు. నోట్లోంచి ఒక్క ముక్క రాదు. అక్క అదీ భరించింది, రెండేళ్లు!”

“ఫోను మోగుతోంది, ఎత్తు.”

“తర్వాత చేస్తాలే.”

“ఇది ఏడోసారి. ప్రతిసారీ కాలువ వైపు తిరిగి గుసగుసలు.”

“ఆఫీసు నుంచి.”

“ఆదివారం ఆఫీసా? ఎత్తరా.”

“హలో... ఆ, దారిలోనే ఉన్నాం... ఏంటి, గుమ్మంలో పట్టట్లేదా? అడ్డంగా తిప్పి చూడమను... లారీవాడు తొందర పెడుతున్నాడా? పోనీ, దాన్ని అక్కడే వదిలెయ్... లేదు, లేదు, తనకేం తెలీదు... సరే, పెట్టేస్తున్నా.”

“ఏంటి పట్టనిది?”

“ఏదో సామాను. మా ఫ్రెండు ఇల్లు మారుతున్నాడు.”

“కుట్టుమిషనా?”

“బావా...”

“వదిలెయ్యమంటావేంట్రా, రేపట్నుంచి వేరే ఇంట్లో మీ అక్క బతకాల్సింది దాని మీదే! మళ్లీ ఫోన్ చెయ్యి. మిషను చెక్క కింద నాలుగు బోల్టులుంటాయి, నిన్న తను బజారుకెళ్లినప్పుడు వదులు చేసి పెట్టాను. చేత్తో తిప్పితే ఊడొస్తాయని చెప్పు.”