ఒక్కటే కుర్చీ

హాల్లో మనిషెత్తు పల్చటి స్పీకర్లు రెండు, మూలన మోత పుట్టించే నల్లటి సబ్‌వూఫర్ పెట్టె, ఎదురుగా ఒకే కుర్చీ. భర్త పాట పెట్టి భార్యను పిలిచాడు.

“కాస్త ఈ కుర్చీలో కూర్చో. నా కుడిచెవి మొరాయిస్తోంది. పెట్టె మోత పాటతో కలిసిందో లేదో చెప్పు.”

“ఇవి కొన్న ఆరేళ్లకి నా చెవులు గుర్తొచ్చాయన్నమాట.”

“దెప్పకు. కలిసిందా?”

“కలిసింది. ఈ పాడేవిడ గొంతు ఇంత బావుంటుందా! వంటింట్లో నాకెప్పుడూ వినపడలేదే?”

“ఈ స్పీకర్ల పాట ఎదురుగా కూర్చున్నవాళ్లకే. పక్కకి జరిగితే పోతుంది. మోతయితే ఇల్లంతా పాకుతుంది. సరే, ఇక లే.”

“లేవను. మీరెళ్లి పొయ్యి దగ్గర నిలబడండి... ఏం వినిపిస్తోంది?”

“దబదబమని మోత. అంతే.”

“ఆరేళ్లుగా మీరు నాకు వినిపించిన సంగీతం అదే. పాలు పొంగుతాయి, అక్కడే ఉండండి.”